ఎర్తు గుంతకు ఒక కడవ

ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. రెండింటినీ గుణిస్తే వాట్లు, అంటే పవరు వస్తుంది. పాఠం ఇంతే. పదో తరగతి పిల్లలకు చెప్పడానికి ఒక పీరియడు చాలు. నేను మాత్రం ప్రతి ఏడూ రెండు రోజులు తీసుకునేదాన్ని. హెడ్మాస్టరు అడిగితే "పిల్లలకు ఎక్కడం లేదు సార్" అని తప్పించుకునేదాన్ని. పిల్లలకు బాగానే ఎక్కేది. బోర్డు మీద ఆ భాగహారం గీత గీసేటప్పటికి నాకే చేయి ఆడేది కాదు. అందుకు కారణం మా అమ్మ, ఒక కడవ నీళ్లు, మా నాయన చావు.

మాది కుందుర్పి వైపు ఒక మెట్ట పల్లె. ఎర్ర నేల, అడుగడుక్కీ రాయి, వాన పడితే వేరుశనగ పంట, పడకపోతే దండగ. డెబ్బైలలో మా చేన్లో ఒక బావి, దాని మీద ఒక అయిదు హార్సుపవరు మోటరు ఉండేవి. ఆ మోటరంటే నాయనకు ఎంత ముద్దో చెప్పలేను. పొద్దున్నే పోయి భుజం మీది టవలుతో దాని ఒళ్లంతా తుడిచేవాడు. "నన్నన్నా ఒక దినం అట్ల సూసుకోనింటే బాగుండు" అనేది అమ్మ. "నువ్వు నీళ్లు తోడతావా ఏమ్మే, అది తోడతాది" అనేవాడు నాయన. మోటరు తిరిగేటప్పుడు మధ్య మధ్య దాని వీపు మీద చేయి పెట్టి చూసేవాడు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు మీద పెట్టినట్టే పెట్టేవాడు. వేడి ఎక్కువైతే ఆపి, చల్లారాక మళ్లీ వేసేవాడు. మా పక్క రైతులందరికీ అదే అలవాటు.

అమ్మకు మాత్రం కరెంటంటే చచ్చేంత భయం. ఇంట్లో ఉన్న ఒక్క బల్బు వెలిగించాలన్నా కట్టె తెడ్డు తెచ్చి దాని కొసతో స్విచ్చి నొక్కేది. ఊరంతా నవ్వేది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా మేనత్త, నాయనకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చి, మా పక్క ఇంట్లోనే ఉండేది. ఆమె చేను కూడా మా చేనుకు ఆనుకునే. "మీ యమ్మ కరెంటుకు సంకటి గెలికి పెడతాంది సూడండ్రా" అని పిల్లలందరికీ పిలిచి చూపించేది.

మోటరు షెడ్డు పక్కనే ఎర్తు గుంత ఉండేది. ఒక ఇనుప పైపును నేలలోకి దింపి, చుట్టూ బొగ్గులు, ఉప్పు వేసి పూడ్చి, దాని నుంచి ఒక తీగ తెచ్చి మోటరు ఒంటికి కట్టి ఉంటారు. కరెంటు దారి తప్పి మోటరు ఒంట్లోకి వస్తే ఆ తీగ గుండా నేలలోకి దిగిపోవాలని దాని ఉద్దేశం. "మన్ను తడిగా ఉంటేనే కరెంటు దిగుతాది, ఎండిన మన్ను తీసుకోదు" అని లైన్‌మన్ చెప్పి పోయాడు. అందుకని మోటరు వేసే ముందు ఆ గుంతలో ఒక కడవ నీళ్లు పోయడం మా ఊరి ఆచారమైపోయింది. "ఎర్తుకు తాపినావా?" అని అడుగుతారు, బర్రెకు కుడితి తాపినావా అన్నట్టే. మా ఇంట్లో ఆ పని అమ్మది. సాయంత్రం మోటరు ఆపే ముందు కాలవలో ఒక కడవ ముంచి షెడ్డులో పెట్టేది. తెల్లారి అందులో సగం మోటరు నోట్లో పోస్తేగానీ అది కింద నుంచి నీళ్లు గుంజదు. మిగతా సగం ఎర్తుకు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాన పూర్తిగా ఎగ్గొట్టింది. బావిలో నీళ్లు అడుగుకు పోయాయి. ఉన్న కాస్త నీళ్లతో అర ఎకరం శనగనైనా దక్కించుకోవాలని నాయన తాపత్రయం. కరెంటేమో వచ్చినప్పుడే వచ్చినట్టు. వచ్చినా దాంట్లో బలం ఉండేది కాదు. ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే వేసేవాళ్లు, షెడ్డులో బల్బు కొరివి మాదిరి ఎర్రగా వెలిగేది. అట్లాంటప్పుడు మోటరు మూలుగుతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. నాయన తీగ మార్చి వేస్తాడు, మళ్లీ పోతుంది. కళ్లెదుట పైరు వాడిపోతూ ఉంటే ఎవరికి ఓపిక ఉంటుంది?

ఒక మధ్యాహ్నం నేను షెడ్డు గడప మీద కూర్చుని ఉన్నాను. నాయన ఒక కేబులు ముక్కను పంటితో ఒలిచాడు. లోపలి రాగి తీగలన్నీ కలిపి మెలిపెట్టి, జొన్న ఈనె అంత లావు చేసి, తెల్ల పింగాణీ ఫ్యూజు బిళ్లకు చుట్టి స్క్రూలు బిగించాడు. "ఇంగ ఇది పోదు సూడు పాపా" అన్నాడు నవ్వుతూ. నిజంగానే పోలేదు. ఆయన ఒక్కడే కాదు, ఆ ఎండాకాలం మా చుట్టుపక్కల సరైన ఫ్యూజు తీగ ఉన్న మోటరు ఒక్కటన్నా ఉండిందని నేను అనుకోను.

ఆ తర్వాత కొన్నాళ్లకు వరసగా కరెంటు రాలేదు. షెడ్డులో కడవ ఖాళీ. ఇంట్లో ఒక్కటంటే ఒక్క కడవ నీళ్లు మిగిలాయి. నేను బడికి పోయిన రోజు, ఎండ నెత్తికెక్కాక, ఉన్నట్టుండి కరెంటొచ్చింది. నాయన చేన్లోంచే కేకేశాడు. అమ్మ కడవలో నీళ్లు సగం మా తాగుడుకు వేరే బిందెలో వంచి పెట్టి, మిగతా సగం తీసుకుని పరుగెత్తింది. అవి మోటరుకు తాపడానికే సరిపోయాయి.

"ఎర్తుకో?" అన్నాడు నాయన.

"పిల్లోళ్లు తాగే నీళ్లు మన్నులో పోయమంటావా? మోటరు తిరిగినాంక కాలవ నీళ్లు పోస్తాలే."

"సరే కానీ" అన్నాడు నాయన.

పక్క చేన్లో ఉన్న అత్తకు ఈ మాటలన్నీ వినిపించాయి. మోటరు తిరిగింది. నీళ్లొచ్చాయి. అమ్మ కడవ తీసుకుని కాలవ దగ్గరికి పోయి వంగింది. ఆ కడవ నిండేలోగా నాయన తడి చేత్తో, బురద కాళ్లతో, మోటరు వీపు మీద చేయి పెట్టి చూశాడు.

నన్ను బడి నుంచి సైకిలు మీద తీసుకొచ్చారు. ఏమైందో దారిలో ఎవరూ చెప్పలేదు. ఇంటి ముందర జనాన్ని చూశాక ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

శవం ఇంకా వాకిట్లో ఉండగానే అత్త అందరి ముందర అంది: "కడవ నీళ్లు మిగిలించుకోని మొగుణ్ణి మింగిందిరా నాయనా ఇది!" అమ్మ తల ఎత్తలేదు. ఆ మాట ఊరు పట్టుకుంది. మా అమ్మ కూడా పట్టుకుంది. ఆ రోజు నుంచి బావి చేను వైపు ఆమె అడుగు పెట్టలేదు. కూలికి పోయినా చుట్టు తిరిగి పోయేది. నేనూ తమ్ముడూ నీళ్లు తాగుతుంటే ముఖం అటు తిప్పుకునేది. ఆ వయసులో నాకు అమ్మ మీద జాలి కంటే అత్త మీద కోపం ఎక్కువగా ఉండేది. ఇప్పటికీ ఆ ఒక్క మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మోటరును మా మామ రాయదుర్గం తీసుకుపోయి, వైండింగు షాపులో బాగు చేయించి అమ్మేశాడు. అమ్మ తమ్ముడు కాబట్టి ఆ పని ఆయన మీద పడింది. "కాయిలంతా బొగ్గైపోయిండాదంట. ఇది ఒక దినంలో మాడింది కాదప్పా, శానా దినాల నుంచి లోపల్లోపలే మాడతా వచ్చిండాది అన్న్యాడు ఆయప్ప" అని మామ వచ్చి చెప్పాడు. అమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. నాకు ఎక్కింది గానీ అర్థం కాలేదు.

అర్థమైంది అనంతపురంలో బీఎస్సీ చదివేటప్పుడు. మోటరు చేసే పని అంతే ఉండి ఓల్టులు తగ్గితే, ఆ పని చేయడానికి అది ఆంపియర్లు ఎక్కువ గుంజుకుంటుంది. ఆంపియర్లు ఒకటిన్నర రెట్లయితే తీగలో పుట్టే వేడి రెండు రెట్లు దాటిపోతుంది. అట్లాంటప్పుడు తాను కరిగిపోయి మోటరును ఆపడమే ఫ్యూజు పని. మా నాయన చుట్టిన తీగ కరగలేదు. ఫ్యూజు కరగకపోతే కాయిలు మాడుతుంది, కాయిలు మాడితే పైన పూత రాలిపోయి కరెంటు మోటరు ఒంట్లోకి వస్తుంది. హాస్టల్లో కాగితం మీద ఇంత వరకూ రాసుకున్నాక ఇంకొక లెక్క కూడా వేశాను. తడి చేతులు, బురదలో ఉత్త కాళ్లు ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకున్నాను. రెండు వందల ముప్పై ఓల్టులను వెయ్యితో భాగిస్తే పావు ఆంపియరు కూడా లేదు. గుణిస్తే యాభై మూడు వాట్లు. మా నాయన ప్రాణం తీసిన పవరు ఒక అరవై వాట్ల బల్బు నిండుగా వెలగడానికి కూడా చాలదు. ఆ కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ లెక్క మళ్లీ ఎప్పుడూ వేయలేదు, ఏ పిల్లలకూ చెప్పలేదు.

ఫ్యూజు సంగతి అమ్మకూ చెప్పలేదు. చెబితే నీ మొగుడే తన చావు కొనితెచ్చుకున్నాడని చెప్పినట్టే కదా. గోరుచుట్టు మీద రోకటి పోటు ఎందుకని ఊరుకున్నాను.

తర్వాత కంబదూరు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. ఎనభైలలో మళ్లీ కరువు. వేసవి సెలవులకు ఇంటికి పోతే ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వస్తోంది. అమ్మ కడవ పట్టుకుని వరసలో నిలబడి ఉంది, నేను పక్కన. వెనక నుంచి అత్త గొంతు: "ఆయమ్మకు ముందు పోసేయండప్పా. కడవ నీళ్ల కోసరం మొగుణ్ణే ఇడిసిపెట్టుకున్న్యాది."

పదేళ్లు దాటినా పుండు మీద కారం చల్లడం మానలేదు. కొందరు నవ్వారు కూడా. అమ్మ కడవను ఇంకో చంకకు మార్చుకుంది. నాకు మాత్రం ఇంక నోరు ఊరుకోలేదు.

"అత్తా, రేపు పొద్దున నీ కడవ నువ్వే నింపుకోని బావి కాడికి రా. ఆ పొద్దు అమ్మ ఎర్తుకు నీళ్లు పోసింటే నాయన బతికేవాడో లేదో నీ కండ్లతోనే సూద్దువు గానీ."

"యంత్రం కట్టి సచ్చినోన్ని అడుగుతావా ఏమే, టీచరమ్మా?"

"లెక్క కట్టి అడుగుతా. రా."

అమ్మను బావి చేనుకు రప్పించడమే కష్టమైంది. "వద్దు పాపా, అయిపోయిందేమో అయిపాయ" అంటుంది. "నువ్వు రాకపోతే నేను ఈ ఊరికే రాను" అని బెదిరించాను. వచ్చింది. షెడ్డు పైకప్పు సగం కూలిపోయింది. గోడ మీద బోర్డు అట్లాగే ఉంది, కరెంటు తీగలు మాత్రం ఎప్పుడో కోసేశారు. ఎర్తు పైపు తుప్పు పట్టి నిలబడి ఉంది. అమ్మ దాని వైపు చూడకుండా గోడ నీడలో నిలబడింది. అత్త నిండు కడవ చంకన పెట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది.

తమ్ముడు తెలిసినవాళ్ల ట్రాక్టరు బ్యాటరీ అడిగి తెచ్చి పెట్టి పోయాడు. బడి నుంచి ఓల్టుమీటరు, అమ్మీటరు నేనే తెచ్చుకున్నాను. బావి పక్కన నీళ్లు పడక వదిలేసిన బోరు ఒకటి ఉంది. దాని ఇనుప గొట్టం లోతున తడి మన్నులో ఉంది కాబట్టి దాని అడ్డు, అంటే నిరోధం, లెక్కలోకి రాదు. బ్యాటరీ ఒక కొస ఆ గొట్టానికి, ఇంకొక కొస అమ్మీటరు గుండా ఎర్తు పైపుకు కలిపాను. పన్నెండు ఓల్టులు. అమ్మీటరు ముల్లు ఆంపియరులో పదో వంతు కంటే తక్కువే చూపించింది. భాగిస్తే నూట యాభై ఓములు.

"ఇది ఎండిన మన్ను అడ్డు అత్తా. ఇంగ పోయి నీ నీళ్లు."

అత్త కడవ వంచింది. ట్యాంకరు నీళ్లు, తాగే నీళ్లు. మన్ను గుటగుటా తాగేసింది. అమ్మ చూడలేక కళ్లు మూసుకుంది. కాసేపటికి ముల్లు మెల్లగా పైకి జరిగింది.

"కదిలింది! సూడండ్రా, కదిలింది!" అని అరిచింది అత్త. "నీళ్లు పోస్తే కరెంటు దిగుతాండాది కదా! నేను చెప్పిందే కదా!"

అమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. తొందరగా భాగించాను. వంద ఓములు.

"కదిలింది అత్తా, నేను కాదనను. కానీ ఎంత కదిలిందో ఇను. అడ్డు నూటయాభై ఉంటే ఆ పొద్దు మోటరు ఒంట్లో నుంచి మన్నులోకి ఒకటిన్నర ఆంపియరు దిగింటాది. నువ్వు కడవ పోసినాంక రెండుంబావు దిగింటాది. మంచి ఫీజు వైరు కరగల్లంటే తక్కువలో తక్కువ పదైదు ఆంపియర్లు కావల్ల. పదైదు యాడ, రెండుంబావు యాడ? ఫీజు పోదు, మోటరు ఆగదు, దాని ఒంట్లో కరెంటు అట్లనే ఉంటాది. నాయన చేయి పెడితే కొట్టేది కొట్టేదే."

అత్త నమ్మలేదు. మేము తాగడానికి తెచ్చుకున్న కడవ కూడా తీసుకుని పోసింది. ముల్లు ఇంకొంచెం జరిగింది. డెబ్బై అయిదు ఓములు, అంటే మూడు ఆంపియర్లు. అత్త ఖాళీ కడవలోకి చూసుకుంది.

"ఇంగా ఎన్ని పోయల్ల?"

"ఈ రాతి నేలలో ట్యాంకరంతా పోసినా చాలదు అత్తా. ఆ సగం కడవ నీళ్లకు ఆ పొద్దు నాయనను కాపాడే బలం ల్యాకపాయ. మా అమ్మ పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే."

అత్త ఖాళీ కడవను కింద పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది: "అయితే మోటరు ఒంట్లోకి కరెంటు ఎందుకొచ్చ? తప్పు ఎవురిదే?"

నా చూపు గోడ మీది బోర్డు వైపు పోయింది. పింగాణీ బిళ్ల లాగాను. ఆ తీగ అట్లాగే ఉంది, కరగలేదు, కనీసం నల్లబడలేదు. అత్త చేతిలో పెట్టాను. ఇంత లావు తీగ ఫ్యూజు కాదని, ఇది కరగలేదు కాబట్టే మోటరు లోపల్లోపల మాడిందని, సన్న తీగ ఉండుంటే మోటరు ముందే ఆగిపోయేదని చెప్పాను. అప్పటికి నాకు ఆవేశం తప్ప ఆలోచన లేదు. అమ్మ మీద పడిన మాట తుడిచేయాలి, అంతే.

"ఎవురు సుట్టినారు దీన్ని?" అంది అత్త.

నేను నోరు తెరిచాను.

"నేనే" అంది అమ్మ.

గోడ నీడలోంచి రెండడుగులు ముందుకొచ్చి నిలబడింది. "నేనే సుట్టినా వదినా. మాటిమాటికీ పోతాండాదని, ఆయప్ప ఇంటికి పోయినప్పుడు నేనే సుట్టినా. ఆయప్పకు తెలీదు."

నాయన పంటితో కేబులు ఒలవడం ఆ గడప మీద కూర్చుని చూసినదాన్ని నేను. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ముందర నా నోరు మూతపడింది.

అత్త కూడా అమ్మనే చూస్తోంది. చేతిలో బిళ్లను అటూ ఇటూ తిప్పింది. "తెడ్డుతో బల్బు ఏసుకునేదానివి" అంది. "నువ్వు సుట్టినావా ఫీజు?"

అమ్మ చూపు నేలకు దింపుకుంది. అత్తకు తెలిసిపోయింది. ఎర్తు గుంత పక్కన తడి మన్నులోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, "తమ్ముడా, ఎంత పని చేసుకుంటివిరా" అని ఏడ్చింది. అమ్మ పోయి పక్కన కూర్చుంది. అత్త ఆ రోజే కాదు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ కడవ మాట ఎత్తలేదు. ఇంకెవరైనా ఎత్తబోతే వాళ్ల మీదికి పోయేది.

ఎండ ఎక్కాక ఖాళీ కడవలు పట్టుకుని ఇంటికి బయల్దేరాం. అత్త ముందు నడుస్తోంది. పదేళ్ల నింద ఇప్పుడే కదా తీసేశాను, దాన్ని దించీ దించకముందే ఇంకొకటి ఎత్తుకుంటుందా ఈమె? అత్తకు వినపడకుండా అడిగాను.

"ఎందుకట్ల చెప్పినావమ్మా? నేను చూసినాను కదా, నాయనే సుట్టినాడు."

"తెలుసు. నాకూ తెలుసు."

"మరి?"

అమ్మ నడక ఆపలేదు. "సచ్చినోడు లేసొచ్చి, పైరు ఎండిపోతాండె, అందుకే సుట్టినా అని చెప్పుకుంటాడా పాపా? చెప్పుకోలేడు. నేనైతే ఉండా కదా, నేను పడతాలే."